నిన్నటి ఫైలు

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. పిండకుండా ఆరేసిన బట్టలా మబ్బు వేలాడుతోంది. చెప్పుల కొట్లో పొద్దున్నే లైటు వేసుకోవాల్సి వచ్చింది.

కొట్టు అక్కది. వంకర పాదాలవాళ్లకీ, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకీ బూట్లు కుట్టే కొట్టు. బావ బతికున్నన్నాళ్లూ ఒక్కో పాదాన్నీ ఒళ్లో పెట్టుకుని కొలిచాడు. ఆ కొలతలతో కొయ్య అచ్చులు చెక్కే యంత్రం ఉంది. ఇరవై ఏళ్ల పాదాలూ దాని కంప్యూటర్లోనే ఉన్నాయి. కొలవడానికి మళ్లీ ఎవరైనా కొలుస్తారు గానీ, ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ వదలాలో ఆయనకే తెలుసు. ఆయన పోయిన రెండో నెల కంప్యూటర్ బోర్డు మాడిపోయింది. కొలతలున్న కార్డు మిగిలింది. కానీ అదేం పాతకాలపు కార్డో, మరే కంప్యూటర్‌కీ ఆనలేదు. నకలు తీద్దామన్నా ముందు కనబడాలి కదా.

తమ్ముడికి కంప్యూటర్లే కూడు పెడుతున్నాయి. కొత్త బోర్డు తెచ్చాడు. స్విచ్ వెయ్యగానే అందులో అన్నిటికన్నా ముందు లేచే యూఈఎఫ్ఐ పిలవగానే నడిచేలా, మిగతా పని మొదలెట్టే ఒక బూట్‌లోడర్, ఆ కార్డుతో దాని తీరులోనే మాట్లాడే డ్రైవర్ ఒకటి, సొంతంగా రాశాడు. ఆరు వారాలు పట్టింది.

అతనికో అలవాటు. డ్రైవర్ కార్డు మొదటి గడిలో ఏదో ఒకటి రాసి, దాన్నే తిరిగి చదివితే గానీ నమ్మడు. ఇన్నాళ్లూ ఆ పరీక్ష తన కంప్యూటర్లో ఉత్తుత్తి కార్డు మీద నడిపాడు. అసలు కార్డుకైతే మొదటి గడిలోనే కొలతలన్నీ విప్పే తాళంచెవి ఉంది. అది చెడితే లోపలిదంతా పిచ్చిగీతలే. అందుకే ఆ పొద్దున ముందు ఆ పరీక్ష తాలూకు నాలుగు వరుసలూ తీసేసి, రాసినదాన్ని బోర్డు నడపగల ఫైలుగా మార్చే బిల్డ్ పెట్టాడు.

తోలు కోస్తున్న ముసలి పనివాడు తలెత్తాడు. "ఏం అల్లుడూ, పెళ్లికూతురు ఇవాళైనా మొహం చూపిస్తుందా?"

"నువ్వు నోరు మూస్తే చూపిస్తుంది, మావా," అన్నాడు వెనక్కి తిరిగి.

అక్క నవ్వింది. బావ పోయాక అదే మొదటి నవ్వు. అతను ఆ మొహమే చూస్తూ కాసేపుండిపోయాడు.

తర్వాత తిరిగి, ఫోల్డర్‌లో ఉన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బోర్డుకు గుచ్చి, స్విచ్ వేశాడు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. కార్డు కనబడింది.

అక్క చెయ్యి అతని భుజం మీద పడింది. వేళ్లు బిగుసుకున్నాయి.

తెర మీద ఇంకో వరుస పడింది: రాశాను. చదివాను. సరిపోయింది.

"సరిపోయిందంటోంది కదరా!" అంది అక్క.

ఆ మాటలు అతను పొద్దున తీసేసిన వరుసల్లోవి.

తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూశాడు. వరుసలు తీసేసిన చోట ఒక బ్రాకెట్ మిగిలిపోయింది. బిల్డ్ మధ్యలోనే ఆగిపోయింది, కొత్త ఫైలు తయారవలేదు. తప్పుందని చెప్పే ఎర్ర గీత పైకి జరిగిపోయింది, అతను చూడలేదు. ఎక్కించింది నిన్నటి ఫైలు. అది తాళంచెవి మీదే రాసేసింది.

"ఏమైందిరా?"

చెప్పాడు. రెండు మాటల్లో చెప్పాడు.

"మళ్లీ రాయలేవా?"

"డ్రైవర్ బాగానే ఉందక్కా."

అక్క చెయ్యి తీసేసింది. కోపంగా కాదు, బరువేదో దించినట్టు. ముసలాయన కత్తి పదును బొటనవేలితో చూసుకున్నాడు. సాయంత్రం దాకా మిగతా గడులన్నీ చదివి చూశాడు తమ్ముడు. డ్రైవర్ ఒక్క తప్పూ లేకుండా ప్రతి గడీ తెచ్చి ముందు పోసింది. ఒక్కటీ పాదం కాలేదు.

చీకటి పడుతుండగా అక్క తోలుముక్కలు తోసేసి, బల్ల మీదే మూడు కంచాలు పెట్టింది. తెర ఎవరూ ఆర్పలేదు. అతని కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె వేసింది. అతను వద్దనలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.