బెషీర్ వాటా అడుగున

బెషీర్ తన సముద్రపు వాటాను నా పడవకు మారుగా ఇస్తానన్నాడు. మా కెర్కెన్నా దీవుల్లో పొలాలకు ఉన్నట్టే లోతు తక్కువ సముద్రానికీ హద్దులుంటాయి. ఖర్జూర మట్టలు వరసగా గుచ్చి చేపల్ని బోనులోకి మళ్లిస్తాం. అతని వాటా నా వాటాను ఆనుకునే ఉంది. బేరం నాకే లాభం. అంత లాభం నాకెందుకు ఇస్తున్నాడన్నదే అంతుపట్టలేదు.

అందుకే, బడిపిల్లలకు సముద్రపు గడ్డి చూపించాలని సొందుస్ టీచరు పడవ అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. నీటి అడుగు నేలను పైకి తీసే గొట్టం ఆమె దగ్గరుంది.

దారిలో పచ్చగా ఉన్న చోట గొట్టం దింపింది. సుత్తితో బాదితే గానీ దిగలేదు. పైకి లాగితే, వేళ్లూ పీచూ బిగుసుకున్న గోధుమరంగు దిమ్మ.

"గాలిలోని పొగలో ఉండే కార్బన్‌ను ఈ గడ్డి మింగి వేళ్ల కింద దాస్తుంది. అడుగున ఉన్నది మన ముత్తాతల కన్నా పాతది."

"అంటే బొగ్గేగా టీచర్? ఆక్టోపస్ కాల్చుకుందాం!" అంది పిల్లల్లో ఒకతె, యోస్రా.

"ముందు నిన్ను కాలుస్తా, కూర్చో," అంది టీచరు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను ఏమీ ఎరగనట్టు, "ఆ మట్టల అవతల కూడా ఓసారి చూపించు టీచరమ్మా," అన్నాను.

బెషీర్ వాటాలో సుత్తి అక్కర్లేకపోయింది. గొట్టం జారి దిగిపోయింది. పైకొచ్చింది బూడిదరంగు బురద, కుళ్లిన గుడ్ల కంపు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. టీచరు మాత్రం నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

"అడుగు గీకే వలలు లాగారిక్కడ. గడ్డి చచ్చి, దాచిందంతా వదిలేస్తోంది. తెగిన అంచు ఇక్కడితో ఆగదు హమాదీ మామా. తుఫాను వచ్చినప్పుడల్లా పక్కకు జరుగుతుంది."

"పక్కది ఎవరిది?" అంది యోస్రా.

నేను మోటారు తిప్పాను.

రేవులో బెషీర్ ఎదురొచ్చాడు. "ఏం హమాదీ, పిల్లల్ని తిప్పుతున్నావా, నా సరుకు వాసన చూస్తున్నావా?"

"చూశాను. కుళ్లింది."

"వద్దంటే చెప్పు. ఆ గీకుడు వలల వాళ్లకి అడుగు ఎలా ఉన్నా ఒకటే. ఇప్పుడంటే ఇప్పుడు తీసుకుంటారు."

లెక్క వేసుకున్నాను. కొంటే పడవ పోయి బురద వస్తుంది. కొనకపోతే వాళ్ల వల నా హద్దు దాకా వస్తుంది. రెండూ నష్టమే, చిన్నదేదో ఏరుకోవాలి. మోటారు తాళం అతని చేతిలో పెట్టాను. ఇద్దరం ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివి బేరం ఖాయం చేసుకున్నాం.

మర్నాడు, తెగిన అంచు నా వైపు జరగకుండా రెండు వాటాల నడుమ హద్దు గట్టి చేద్దామని మట్టలు భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్లలో నడిచి వెళ్లాను. నా వైపు నేలలో మట్ట దిగాలంటే ఎప్పుడూ ముందు గునపంతో పొడవాల్సిందే.

ఆ రోజు గునపం ఎత్తకముందే, ఊతంగా ఆనించిన మట్ట నా చేతి బరువుకే దిగిపోయింది. దాని చుట్టూ కుళ్లిన గుడ్ల కంపుతో బుడగలు లేచాయి.