పేరు చెప్పే గుమ్మం

మా ఆడపడుచు రూపశ్రీ డిజైన్ కోర్సు చదువుతోంది. ప్రాజెక్టు కోసం తిరుపతి బస్టాండులో ఒక చెక్క గుమ్మం నిలబెట్టి, ‘పేరు చెప్పి దాటండి’ అని రాసింది. నాలుగింటికి లెక్చరర్ వచ్చేలోగా ముక్కూమొహం తెలియనివాళ్లు అక్కడ మాటల్లో పడాలి. లేకపోతే మార్కులు రావు.

మావారూ నేనూ వెళ్లేసరికి మూడున్నర. రూపశ్రీ ఏడుపు మొహంతో ఉంది. జనం దాన్ని తనిఖీ గేటు అనుకుని, సంచులు తెరిచి చూపించి, చేతులెత్తి మౌనంగా దాటుతున్నారు.

మేమైనా పేర్లు చెబుదామని నడిచాం. నా పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. ఐరాల బస్సు కోసం కూర్చున్న ఒక అవ్వ అది చూసి, లేచొచ్చి, కొత్త కోడల్ని ఇంటి గుమ్మంలో ఆపినట్టే చెయ్యి అడ్డం పెట్టింది.

“యాడికి పోతావమ్మే? మొగుని పేరు చెప్పి దాటల్ల!”

“మునిప్రసాద్” అన్నాను. పెళ్లయి పద్దెనిమిది రోజులు. ఆ పేరు పలికితే ఇంకా నవ్వొస్తుంది.

“ఇనపడలా!” అంది వెనక ఇంకొకామె. గట్టిగా అరిచాను. బెంచీలన్నీ నవ్వాయి.

“నీ మొగుని పేరేందవ్వా?” అని ఆమె అవ్వనే పట్టుకుంది.

“పోవే, సిగ్గులేనిదానా” అంటూనే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “మునిరత్నం” అంది.

లెక్చరర్ వచ్చేసరికి గుమ్మం దగ్గర ఆడవాళ్ల గుంపు.

“పెండ్లాం పేరు చెప్పు సారూ!”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “చౌడేశ్వరి” అని గొణిగి, ఆ గుమ్మానికే కాగితం ఆనించి మార్కులు వేశారు. ఎన్నో చూడకుండానే రూపశ్రీ నన్ను వాటేసుకుంది.