అవి హంసలు కావు

బెర్నడెట్ నొవిట్స్కీ ముప్పై ఒక్క ఏళ్ళు బాల్టిమోర్‌లో సిటీ బస్సు నడిపింది. అన్నేళ్ళలో ఒక్క స్టాపుకైనా ఆలస్యంగా చేరలేదని ఆమెకి మహా గొప్ప. రిటైరయ్యాక, జనాన్ని వెంటబెట్టుకుని కాలినడకన ఊరు చూపించే గైడు కావాలనుకుంది. బస్సు తోలడం ఒక ఎత్తు, సొంత వీధిలో నడవడం ఒక ఎత్తు అని అప్పుడు తెలిసొచ్చింది.

ఆ శనివారం పొద్దున ఆమెకి పరీక్ష. పాత కట్టడాల సంఘం వాళ్ళ షరతు చిన్నదే: రెండు గంటల్లో ఏడు చోట్లు చూపించాలి. చూపిస్తే చొక్కాకి ఇత్తడి బిళ్ళ గుచ్చుతారు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇక గుమ్మం తొక్కనివ్వరు. అయినా ఆశ చావక, బిళ్ళకి బాగుంటుందని నీలం చొక్కా ఇస్త్రీ చేసి మరీ వేసుకొచ్చింది, పిచ్చితల్లి.

పరీక్ష పెట్టే హార్లన్ విట్ గారికి ఊరి చరిత్ర కొట్టిన పిండి. మనుషులతోనే కాస్త మొహమాటం. పన్నెండుమంది సందర్శకుల వెనకాల, చేతిలో కాగితాల అట్ట పట్టుకుని, గడియారం చూసుకుంటూ నడిచాడు.

పార్కు గుట్ట మీది పగోడా పది నిమిషాల్లో అయిపోయింది. పోలిష్ వాళ్ళ చర్చి పావుగంట. బెర్నడెట్‌కి ధైర్యం వచ్చింది. మూడో చోటు ఆమె పుట్టి పెరిగిన వీధి. బండి అక్కడ కూరుకుపోయింది.

ఆ వీధిలో ఇంటి ముందు మెట్ల మీదున్న మనిషిని పలకరించకుండా దాటిపోతే చెంప మీద కొట్టినంత అవమానం. పైగా శనివారం. వీధంతా బకెట్లు, నురగరాళ్ళు పట్టుకుని తెల్లటి పాలరాతి మెట్లు తోముతోంది.

"ఏమే బెర్నీ, మేమెవరమో గుర్తున్నామా?" అంది టెరీసా, మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే.

"గుర్తుండబట్టేగా వచ్చా. వీళ్ళకి నీ మెట్లు చూపిద్దామని."

"చూస్తే ఏమొస్తుంది? తోమమను! ఇదిగో బంగారం, పట్టు," అని ఒహాయో నుంచి వచ్చిన పెద్దాయన చేతిలో బ్రష్షు పెట్టేసింది.

ఆయన తోమాడు. "నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు, చూడండమ్మా!" అని ఆయన భార్య ఫొటోలు తీసింది. ఆ తర్వాత నాకంటే నాకని అందరూ ఎగబడ్డారు. ఎవరో కస్టర్డ్ పాకం పోసిన ఐసు పొడి గ్లాసుల్లో తెచ్చి పంచారు. బెర్నడెట్ ప్రతి మెట్టు దగ్గరా ఒక కథ చెప్పింది. గంటన్నర ఎటుపోయిందో ఎవరికీ తెలియదు, హార్లన్ గారికి తప్ప.

ఆయన పని కాస్త ముందుకు నెడదామని ఒక కిటికీ చూపించి, తనే అందుకున్నాడు. కిటికీ జాలీ మీద ఎర్ర పెంకుల ఇల్లు, చెరువు, రెండు హంసలు రంగుల్లో వేసి ఉన్నాయి. "ఇట్టి చిత్రాలు వేయుట ఈ వీధుల్లో నూరేళ్ళ ఆచారం. లోపలివారికి వీధి కనబడును. బయటివారికి చిత్రం మాత్రమే కనబడును," అని పాఠం అప్పజెప్పాడు.

చెప్పిన నోరు ఆరకముందే ఆ కిటికీకే ఆనుకుని నిలబడి, ఆఫీసుకి ఫోన్ చేసి గొంతు తగ్గించి అన్నాడు. "లేదండీ, ఈసారీ కుదరదు. మంచి మనిషే. కానీ టైమంతా అయిపోవచ్చింది, చూపించింది మూడే. బిళ్ళ వెనక్కి తెచ్చేస్తున్నా."

"ఎందుకు కుదరదట?" అన్నాయి హంసలు.

హార్లన్ గారు ఎగిరిపడ్డాడు.

"ఇక్కడే ఉన్నా బంగారం, జాలీ వెనక. నా పేరు ఇర్మా. తొంభై ఒకటి నిండాయి గానీ చెవులకింకా పదహారే. ఊఁ, చెప్పు, మా బెర్నీకి బిళ్ళ ఎందుకివ్వవు?"

"అమ్మా, అది... నిబంధన..."

"నిబంధనా పాడా! నా మోకాలు బాగాలేనప్పుడు బస్సు దిగి వచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంది!" అంది పక్కింటి గాలిమర బొమ్మ, మగ గొంతుతో. ఎదురింటి పూలబుట్ట అవునవునంది. చూస్తుండగానే వీధి పొడుగునా కిటికీ బొమ్మలన్నీ వకాల్తా పుచ్చుకున్నాయి. సందర్శకులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

బెర్నడెట్ నవ్వలేదు. కుదరదన్న మాట ఆమె చెవినా పడింది. "ఊరుకోండి ఇర్మా గారూ. ఆయన తప్పేముంది? ఏడన్నారు, నేను మూడే చూపించా. బస్సు ఇంత ఆలస్యం చేసుంటే నన్ను నేనే పనిలోంచి తీసేసుకునేదాన్ని," అంది. అంటూనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

హార్లన్ గారు జాలీకి దగ్గరగా వంగాడు. "మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారా?" అని అడిగాడు.

"మా ఆయన పోయినప్పటి నుంచీ. పద్దెనిమిదేళ్ళు. నువ్వు నెలకోసారి జనాన్ని తెచ్చి హంసలు, హంసలు అంటావు. అవి హంసలు కావు నాయనా, బాతులు. మా ఆయనే వేశాడు, మెడలు కాస్త సాగిపోయాయి. వచ్చిన ప్రతిసారీ నీకు చెబుదామనుకుంటా. నువ్వు ఆగితేగా? ఏడు చోట్లు చూపించాలి కదా మరి."

హార్లన్ గారి మొహం కందిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఆ బొమ్మ ముందు నిలబడి మాట్లాడాడు. ఒక్కసారైనా దాని వెనకున్న మనిషికి నమస్కారం పెట్టలేదు. మెల్లగా సందర్శకుల వైపు తిరిగి, "మిగిలిన నాలుగూ చూపించలేదని మీకేమైనా..." అన్నాడు.

"వచ్చే శనివారం చూస్తాంలెండి," అన్నాడు ఒహాయో ఆయన, తల ఎత్తకుండా. "నా మెట్టింకా కాలేదు."

హార్లన్ గారు సంచిలోంచి బిళ్ళ తీశాడు.

"ఆగాగు! ఇటు, కిటికీ ముందుకి తీసుకురా. నేను చూడొద్దూ?" అని ఇర్మా కేకేసింది.

బాతుల ఎదుట నిలబడి బెర్నడెట్ బిళ్ళ గుచ్చించుకుంది. ఈసారి కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరగలేదు. జాలీల వెనక నుంచి వీధంతా చప్పట్లు కొట్టింది.

హార్లన్ గారు గడియారం జేబులో పడేసి, ఇర్మా ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు.

"అయ్యో, తడి! ఇప్పుడే తోమాం, లేవండి!" అని టెరీసా అరిచింది.

ఆయన లేవలేదు. "చెప్పండి ఇర్మా గారూ," అన్నాడు. "ఆ బాతుల సంగతేమిటి?"