నరికినా పోని నీడ

మధ్యాహ్నం కాగానే నోలీన్ కిటికీలన్నీ బార్లా తీసి, రేడియోలో క్రికెట్ పెట్టుకుని కూర్చునేది. సిడ్నీ పడమటి శివారులో, ఆ నల్లపెంకుల ఇళ్ళ వరసలో, ఏసీ లేని ఇల్లు ఆవిడదొక్కటే. కరెంటు తీగలకు అడ్డమని మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళు ఇంటి ముందున్న యూకలిప్టస్ చెట్టును ఎప్పుడో కొట్టేశారు గానీ, దాని నీడ మాత్రం రోజూ వచ్చి ఆవిడ ఇంటికప్పు మీద పడేది. మొక్కలు నాటే పథకం వచ్చినప్పుడు కౌన్సిల్ ఆఫీసరమ్మ టేపు పెట్టి ఆ నీడను కొలిచి, ఈ వీధికి ఆల్రెడీ నీడ ఉంది కనక మొక్కలు అక్కర్లేదని తేల్చేసింది.

ఈ ఎండాకాలం ఆ నీడ పక్కకు జరగడం మొదలుపెట్టింది. ముందు వంటగదిని వదిలింది, తర్వాత పడకగదిని. జరిగి జరిగి పక్కింటి లోసా వరండాలో చేరింది. లోసా సమోవా దీవుల పిల్ల, కొత్తగా దిగింది. వచ్చిన రోజే కొబ్బరిపాల బన్నులు పళ్ళెం నిండా పట్టుకొచ్చింది. ఊరికే ఎవరిస్తారు, అప్పుడే అనుమానపడాల్సింది అనుకుంది నోలీన్.

కంచె దగ్గర నిలదీసింది. “నీళ్ళు పోసి మచ్చిక చేసుకున్నావు కదూ?”

“నేనేం చెయ్యలేదాంటీ. దానంతటదే వచ్చింది. మీరూ వచ్చి కూర్చోండి.”

నా నీడలోకి నన్నే పిలుస్తోందని నోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి కుర్చీ మోసుకెళ్ళి ఆ వరండాలోనే కాపలా కూర్చుంది. లోసా ఇచ్చిన నిమ్మనీళ్ళు వాసన చూసి మరీ తాగేది.

ఎండ నిప్పులు చెరిగిన రోజున వీధి వీధంతా ఏసీలు తిరిగి, పేటకంతా కరెంటు పోయింది. కాపలాలో ఉన్న నోలీన్ కళ్ళు తిరిగి కుర్చీలోంచి ఒరిగిపోయింది. లోసా పరుగున వచ్చి తడిగుడ్డలు చుట్టి, స్పృహ వచ్చేదాకా పక్కనుంచి కదల్లేదు. ఎదురింట్లో ఒంటరిగా ఉండే డెస్ తలుపులన్నీ బిగించుకుని, ఆగిపోయిన ఏసీ కింద ఉండిపోయాడు. సాయంత్రం తలుపు పగలగొట్టి, ముఖం మీద దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. చెత్తబుట్టల దగ్గర రోజూ పోట్లాడిన మనిషి కోసం నోలీన్ వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు నీడ మళ్ళీ ఆవిడ ఇంటికప్పు మీదే ఉంది, ఏమీ ఎరగనట్టు. నోలీన్ కళ్ళు చిట్లించి దానివైపే చాలాసేపు చూసింది.

“నీడ వచ్చేసిందిగా ఆంటీ, కుర్చీ మీ ఇంట్లో పెట్టెయ్యనా?” అంది లోసా.

“అక్కడే ఉండనీ. దాన్ని నమ్మడానికి లేదు,” అంటూ నోలీన్ వెళ్ళి లోసా వరండాలో కూర్చుంది.