నూటయిరవయ్యేడు పళ్ల గేరు

1993లో పటాన్‌చెరు దగ్గరి ఒక పంపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. పద్నాలుగేళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్న నర్సన్న అర్జీ పెట్టుకున్నాడు. రుద్రారం రైతు కొడుకు, చదివింది ఏడో తరగతి. ఇంటర్వ్యూ చేసేది ప్లానింగ్ ఆఫీసర్ కైలాసం. లెక్కల్లో ఎమ్మెస్సీ. కూలోళ్లు కుర్చీలెక్కితే తన చదువెందుకని క్యాంటీన్‌లో అందరి ముందే అన్న మనిషి.

నర్సన్నను నిలబెట్టే ఉంచి, కాగితం మీద 1234567 అని రాసి ముందుకు తోశాడు.

"ఇది ప్రధాన సంఖ్య. అంటే ఏందో ఎరుకేనా?"

"ఒకటి, అదే అంకె తప్ప ఇంకేదీ శేషం లేకుంట భాగించనిది సార్."

"బట్టీ పట్టినవ్. మూడుతోని పోదు, ఏడుతోని పోదు, పదకొండుతోని పోదు. నేను సూసిన."

"అవి చిన్నయి సార్. పెద్దవాటితోని సూసిండ్రా?"

"నాకే పాఠమా? నువ్వే సూపియ్యి!"

అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మరలు కోయాలంటే 127 పళ్ల గేరు బిగించాలి. ఆ లెక్కలతోనే పద్నాలుగేళ్లు గడిచాయి, నర్సన్నకు 127 ఎక్కం నోటికొచ్చు. దానితోనే భాగించడం మొదలుపెట్టాడు. భాగఫలంలో తొమ్మిది, ఏడు, రెండు పడ్డాయి. చివర మిగిలింది సరిగ్గా 127. ఒకటి వేశాడు. శేషం సున్నా.

"127 ఇంటూ 9721 సార్."

కైలాసం క్యాల్కులేటర్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"గుడ్డిగ తగిలింది. గేరు పళ్ల లెక్క గణితం కాదు."

"ప్రధాన సంఖ్యనా, కాదా? గది చెప్పుండ్రి."

"బయటికి నడువ్!" కాగితం చింపేశాడు.

పోస్టు ఇంకొకరికి పోయింది. ఫైల్లో 'అధికారితో వాదన' అని రాశారు. ఆ మాట గుమాస్తా నోట విన్న రోజు నర్సన్న అన్నం ముట్టలేదు. తెల్లారి షెడ్డులో డ్యూటీల బోర్డు మీద సుద్దతో భాగహారమంతా వేశాడు, కింద 'కైలాసం సార్ చెప్పిన ప్రధాన సంఖ్య' అని రాశాడు.

కైలాసం వచ్చి చూశాడు. "తుడువ్!"

"తప్పుంటే మీరే తుడువుండ్రి సార్."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కైలాసం డస్టర్ అందుకుని, కింద ఉన్న తన పేరు మాత్రం తుడిచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి మూడు రోజుల సస్పెన్షన్ కాగితం వచ్చింది. నర్సన్న సంతకం చేసి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఏడేళ్లు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. ఒకరినొకరు ఒక్కనాడూ పలకరించుకోలేదు.