దెబ్బల మొహం

హిందీ మాట్లాడే ఊళ్లో, మాంగో పేటలో ఉండే పోలరాజు కొడుకు హరికిరణ్ ఫేస్‌బుక్ తెరిస్తే చొక్కా లేని ఫొటోలు, అఖాడా గోదాలో కత్తి తిప్పే వీడియోలు. చెల్లెలు రోహిణి ఖాతాలో ఒక బంతిపువ్వు, అంతే. సొంత మొహం పెట్టొద్దని ఆమెకెవరూ చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్లెవరూ పెట్టలేదు గనుక తనూ పెట్టలేదు.

వెల్డింగ్ పరీక్ష పాసైన రోజు పువ్వు తీసేసి తన ఫొటో పెట్టింది. ముసుగు నెత్తిమీదికెత్తి, మసి మొహంతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. సాయంత్రానికి హరికిరణ్ స్నేహితుడొకడు దాని కింద బూతు రాశాడు.

హరికిరణ్ వాడి దగ్గరికి వెళ్లలేదు. నేరుగా ఇంటికొచ్చాడు.

“హటా దే! ఇప్పుడే తీసెయ్!”

“బూతు రాసినోడినొగ్గేసి నా మీదకొత్తావేటి? నువ్వు చొక్కా ఇప్పేసి పెడితే నానేటైనా అన్నానా?”

జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. ఆమె అతని భుజం కొరికింది. కింద పడేసి కడుపులో తన్నాడు. మళ్లీ జుట్టందుకోబోతుంటే తల్లి నూకాలమ్మ వంటింట్లోంచి రోకలితో వచ్చి అతని మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది.

మర్నాడు హరికిరణ్ కట్టు కట్టిన చేతి ఫొటో పెట్టాడు. జుగ్సలాయి పేటలో గూండాలు మీద పడితే ఒక్కడినే తరిమికొట్టానని రాశాడు. పొగడ్తలే పొగడ్తలు. రోహిణి కుట్లు పడ్డ మొహం పెట్టి, ‘మా అన్న కొట్టాడు’ అని రాసింది. బంధువుల ఫోన్లు ఆగలేదు.

పోలరాజు కూతురి చేతులు పట్టుకున్నాడు. “తీసేయమ్మా, పరువు పోతంది. దెబ్బల మొకం ఎవులైనా పెడతారేటి?”

“ఆడు పెట్టేడు కదా నాన్నా.”

అతను చేతులు వదిలేశాడు.

మధ్యాహ్నం హరికిరణ్ స్నేహితులు పరామర్శకొచ్చారు. “ఎంతమంది కొట్టారు చాచీ?” అని అడిగారు. నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మైనే మారా,” అంది వీధంతా వినబడేలా. “నానే కొట్టినాను. సెల్లి మీద సెయ్యేసినాడని కొట్టినాను. మీలో బూతు రాసినోడెవుడు?”

ఒకడు తల దించుకున్నాడు. నూకాలమ్మ వాడి చెంప ఛెళ్లుమనిపించింది. వాడి పెదవి చిట్లింది. మిగతావాళ్లు మెట్లు దిగిపోయారు.

లోపల మంచం మీదున్న హరికిరణ్ లేవలేదు.