అడాకు గీసిన చెయ్యి

లీడ్స్ నగరంలో చెక్క పలకల మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితాల మీద అచ్చులు తీసే నెన్నా, తండ్రి పుట్టిన ఊరికి మొదటిసారి వచ్చేసరికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. తల్లి ఇంగ్లీషావిడ. ఇబో జాతివాడైన తండ్రి ఒబియోరా నెన్నాకు ఆరేళ్ళప్పుడే పోయాడు. అవ్కా పట్నం దగ్గరి ఆ ఊళ్ళో ఇక మిగిలింది అడాకు అనే మేనత్త ఒక్కతే. ఆవిడకు చూపించాలనే ఏడాదంతా కూర్చుని వేసిన అచ్చులు మోసుకొచ్చింది. అత్తకు చూపు పోయిందని గుమ్మంలో అడుగుపెట్టాకగానీ తెలియలేదు.

"దగ్గరికి రా. నీ ఇబో మాటలు వింటుంటే నవ్వొస్తోందే. ఎవరు నేర్పారు?"

"ఫోనులో నేర్చుకున్నా అత్తా. మూడేళ్ళు పట్టింది."

"ఆ ఫోనుకు పళ్ళు లేవు కాబోలు."

నెన్నా నవ్వబోయి ఆగింది. "నీకు చూపిద్దామని బొమ్మలు తెచ్చాను..."

"కాగితాలు నాకెందుకే? దేనిమీద చెక్కావో అది తే."

సంచిలో ఒక్క పలక ఉంది. అడాకు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నడుముకు చుట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుని, చుట్టచుట్టుకున్న కొండచిలువ గీత వెంట వేలు పోనిచ్చింది. సగం దూరం పోయాక వేలు ఆగింది.

"ఎడం చేత్తో చెక్కావు కదూ?"

నెన్నా ఇంకా దగ్గరికి జరిగింది. "నీకెలా తెలుసు?"

"లోతు ఎక్కడ మొదలైందో తెలుస్తోందిగా. మా అమ్మదీ ఎడం చెయ్యే, ఆవిడ గీతా ఇలాగే తిరిగేది. ఈ ఇంటి మట్టిగోడల నిండా ఆవిడ బొమ్మలే ఉండేవి. నాన్నమ్మే తిరిగొచ్చిందని, నాన్నమ్మ అనే అర్థం వచ్చేలా నీకు నెన్నా అని పేరు పెట్టాడు తమ్ముడు. తెల్లపిల్లకు ఆ పేరేమిట్రా అని నేనే ఎగతాళి చేశాను."

తల్లి వైపు ఎడమచేతివాటం ఎవరికీ లేదు. ఇన్నాళ్ళూ తన ఒక్కదానిదే అనుకున్న చేతిని నెన్నా కొత్తగా చూసుకుంది.

"ఊరికే కూర్చోకు. పెరట్లోకి పోయి ఒంటిమీద బొమ్మలు వేసే ఉలీ కాయలు కోసుకురా," అంది అత్త.

చర్చివాళ్ళు వద్దన్నారని అడాకు ఒంటిమీద బొమ్మలు వేయడం మానేసి నలభై ఏళ్ళు దాటింది. నూరిన కాయల పసరులో సన్నటి ఈనె ముంచి, ఎడం చేత్తో తడుముకుంటూ, మేనకోడలి చేతి మీద మోచేయి దాకా గీసింది. ఎక్కడా తడబడలేదు. గీసినంతసేపూ చల్లగా తగలడమే తప్ప, చర్మం మీద ఏమీ కనిపించలేదు.

తెల్లవారేసరికి గీతలు నల్లగా తేలాయి. ఎన్నో అచ్చులు తీసిన నెన్నా తన చేతినే కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

అలాగే బజారుకు వెళ్ళింది. మిరపకాయలమ్మే ముసలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

"ఒబియోరా కూతుర్ని."

"అదడగలేదు. ఇది అడాకు గీసిందేనా?"

"అవును."

ముసలమ్మ మిరపకాయల మీద గోనె కప్పింది. పక్క దుకాణం ఆవిడనూ కేకేసింది.

మధ్యాహ్నానికల్లా అడాకు వాకిట్లో ఏడుగురు ముసలమ్మలు చేతులు చాపుకుని కూర్చున్నారు. ఎవరు ముందని వాదులాడుకుంటున్నారు. అత్త ఒక్కొక్కరి చెయ్యీ తడిమి పేరు పెట్టి పిలుస్తోంది. నెన్నా కాగితం తీయలేదు, కత్తీ తీయలేదు. నూరుడు రాతి పక్కన కూర్చుని, అత్త వేళ్ళనే చూస్తూ, కాయలు నూరుతూనే ఉంది.